జేబులో గాలాలు

చి. లవీనియాకు,

రైలు తప్పింది. రేపు పదిన్నర బండికి వస్తాను. నీ పెళ్లి ఉంగరం భద్రం.

యార్క్ స్టేషన్ రద్దీలో ఎవరో ఉంగరం ఉన్న నా గౌను జేబులో చెయ్యి పెట్టారు. దొంగల భయంతో ఆ జేబు లోపల మీ తాతయ్య చేపల గాలాలు కుట్టి ఉంచాను. పట్టు టోపీ పెద్దమనిషి ఒకడు కెవ్వుమన్నాడు.

"అమ్మగారూ, కదలకండి, మీకు పుణ్యముంటుంది!"

"పోలీసు అక్కడున్నాడు, నడు నాయనా. ఆ రెండో చేత్తో నా పెట్టె పట్టుకో."

మోశాడు, కూలి ఖర్చు మిగిలింది. గాలం విడిపించి చూస్తే ఉంగరం వాడి చిటికెన వేలికి ఎక్కి ఉంది. సబ్బుతో మూడుసార్లు కడిగాను.

గురువారం చర్చిలో పెళ్లికొడుకు దాన్ని నీకు తొడిగేటప్పుడు నవ్వావంటే ఊరుకోను. ముందు నేను ఆపుకోగలిగితే కదా.

నీ నాయనమ్మ