పసుపు కాకిని బీరువాలోంచి విడిపించుట గురించి

మండల విద్యాధికారి గారి సముఖమునకు,
ఆర్మూర్, నిజామాబాద్ జిల్లా.
2006, శివరాత్రికి ముందు సోమవారం.

అయ్యా,

విషయం: మా వాడ బడి బీరువాలో తాళం వేసి ఉంచిన బొమ్మల పుస్తకమును, అందులోని పసుపు కాకితో సహా, పిల్లలకు తిరిగి ఇప్పించుట గురించి.

నా పేరు భీమవ్వ. భర్త ఎంకటి, కాలం చేశాడు. వయస్సు డెబ్బై అని రేషన్ కార్డులో ఉన్నది, మోకాళ్ళను అడిగితే ఇంకా ఎక్కువే చెబుతాయి. బీడీలు చేసి బతుకుతాను. ఇంట్లో నేను, నా బిడ్డ గంగామణి, దాని బిడ్డ తార ఉంటాము. అల్లుడు మస్కట్‌లో ఉన్నాడు. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే, ఆఫీసుల ముందు అర్జీలు రాసే గంగాదాస్ రాస్తున్నాడు. కాకుల ముచ్చట అర్జీలో రాయకూడదని అతడు అన్నాడు. కాకి లేకపోతే అర్జీయే లేదు, రాయమన్నాను. తమరికి చేసుకునే మనవి ఏమనగా:

1. నా మనవరాలు తార రెండో తరగతి చదువుతున్నది. పోయిన వానకాలంలో దాని ముఖం మీద, చేతుల మీద తెల్ల మచ్చలు వచ్చాయి. దవాఖానలో డాక్టరమ్మ చూసి, ఇవి బొల్లి మచ్చలు, ఒకరి నుంచి ఒకరికి అంటుకోవు, నొప్పి కూడా ఉండదు అని చెప్పింది. నొప్పి బడిలో మొదలైంది. మా గల్లీ హమాలీ భూమేష్ కొడుకు చిన్ను అనేవాడు దానికి "సున్నం బుడ్డి" అని పేరు పెట్టాడు. పాన్‌లోకి సున్నం పెట్టుకునే బుడ్డి పైన తెల్లగా మరకలు పడి ఉంటుంది కదా, అది. పేరు బాగా కుదిరింది, అందుకే అందరి నోటా పడింది. ఆటలో తార చెయ్యి పట్టుకునేవారు లేరు. అన్నం వరుసలో దాని పక్కన ఇంకో పిల్ల పట్టేంత జాగా వదిలేవారు. అది బడికి పోనని మంచం కోడు పట్టుకుని కూర్చుంది.

2. అందువల్ల నేనే దాన్ని వెంటబెట్టుకుని పోయి, బడి వరండాలో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చేసుకుంటూ కూర్చున్నాను. హెడ్మాస్టర్ నరహరి సారు వచ్చి, బడిలో బీడీలేమిటి అన్నారు. "చేస్తున్న సారూ, తాగుతలేను గదా" అన్నాను. సారు లోపలికి పోయారు. ఈ సంగతి వారు తమరికి వేరుగా రాసి ఉంటే, అది నిజమేనని ఇందుమూలంగా ఒప్పుకుంటున్నాను.

3. ఇంతలో విద్యా వాలంటీరు రూత్ టీచరమ్మ ట్రైనింగ్‌కు పోయి ఒక బొమ్మల పుస్తకం తెచ్చింది. మనకంటే వేరుగా ఉన్నవాళ్ళను దూరం పెట్టవద్దు, వాళ్ళతో దయగా ఉండాలి అనేది అందులోని పాఠమట. అన్నాలు అయ్యాక రోజుకొక బొమ్మ చూపిస్తాననీ, ముందు పుట తాను కూడా తిప్పి చూడననీ పిల్లలకు మాటిచ్చింది. ఆమె మాటిస్తే మాటే. మొదటి బొమ్మలో కరెంటు తీగ మీద నల్ల కాకులన్నీ ఆనుకుని కూర్చున్నాయి. పసుపుపచ్చని కాకి ఒకటి దూరంగా స్తంభం మీద కూర్చుంది. గా కాకి ఒక్కతే ఎందుకు కూసుందో చెప్పుండ్రి అని టీచరమ్మ అడిగింది.

చిన్ను లేచి చెప్పాడు: "యార్డుల పసుపు రాశిల పని జేసొచ్చింది టీచర్. అలిసిపోయింది. జర కూసోనియ్యుండ్రి."

అయ్యా, తమరిది ఏ ఊరో నాకు తెలియదు. మా దగ్గర పసుపు పంట వచ్చే ఈ రోజుల్లో మార్కెట్ యార్డులో పిచ్చుకలు కూడా పసుపుగానే ఉంటాయి. నా పెనిమిటి యార్డులో పసుపు కొమ్ములకు మెరుగు పట్టే డ్రమ్ము తిప్పి ఇంటికి వస్తే, మేము సాదుకున్న కుక్కే మా ఆయనను చూసి మొరిగేది. కాబట్టి పసుపు కాకిని చూసి పిల్లలెవరూ ఆశ్చర్యపోలేదు. తీగ మీది నల్లవి ఎందుకు పనికి పోలేదని అడిగారు. వాటికి పని దొరకలేదేమో పాపం అని ఒక పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. టీచరమ్మ తెచ్చిన దయ అంతా నల్ల కాకులకే పోయింది. ఆమె నా దగ్గరికి వచ్చి, అవ్వా నువ్వన్న చెప్పు అంది. నేను బొమ్మ చూశాను. నాకూ చిన్ను చెప్పిందే సరి అనిపించింది.

4. రెండో బొమ్మలో నల్ల కాకులన్నీ సదరు కాకిని పొడుస్తున్నాయి. తరగతి అంతా మండిపడింది. పని చేసి వచ్చినదాన్ని పొడుస్తారా, పోయి స్నానం చేస్తే అదీ మీలాగే ఉంటుంది కదా అని చిన్ను బొమ్మలోని కాకులతోనే కొట్లాటకు దిగాడు. అప్పుడు తార మాట్లాడింది. బడిలో దాని గొంతు విని చాలా రోజులైంది.

"గది పసుపు అంటింది గాదు. దాని రంగే గది. కడిగినా పోదు."

"నీకెట్ల ఎర్క?" అన్నాడు చిన్ను.

"నేను రోజు కడుగుత."

అయ్యా, నా చేతిలో బీడీ ఆకు చిరిగిపోయింది. అది రోజూ బోరింగు కాడ అంతసేపు ముఖం తోముకుంటుంటే, పిల్ల శుభ్రంగా ఉంటుందని నేను మెచ్చుకుంటూ ఉన్నాను. సాయంత్రం దాకా చిన్ను తన చేతులే చూసుకుంటూ కూర్చున్నాడు.

5. మరునాడు పొద్దున తరగతి మొత్తం పసుపుగా వచ్చింది. ముఖాలు, మెడలు, చెవుల వెనక సందులు, ఏదీ వదలలేదు. కడిగితే పోని రంగయితే మనమే ఆ రంగు అయిపోదామని చిన్ను అందరికీ చెప్పాడట. ఎవరింట్లో ఉన్న పసుపు వాళ్ళు తెచ్చారు. చిన్ను వాళ్ళ నాయన ఎండబోసుకున్న దాంట్లోనే పొర్లి వచ్చాడు. నరహరి సారు గేటు దగ్గర వీళ్ళను చూసి, బడికి కామెర్లు వచ్చాయని సెల్లులో దవాఖానకు ఫోన్ చేశారు. నర్సమ్మ ఆటోలో పరుగున వచ్చింది. వెనకే తల్లులు, తల్లుల వెనక గల్లీ, గల్లీ వెనక ఐస్‌క్రీం బండివాడు. పిల్లలను వరుసగా నిలబెట్టి, కంటి రెప్పలు లాగి, నాలుకలు చాపించి చూస్తున్నారు. తారకు ఈ ఉపాయం ఎవరూ చెప్పలేదు. అది మామూలు ముఖంతో, దాని మచ్చలతో, వరుస చివర నిలబడింది. నర్సమ్మ కంగారులో దాన్ని చెయ్యి పట్టి పక్కకు తెచ్చి, బడి అంతా వినేట్టు చెప్పింది:

"గీ ఒక్క పిల్లకే ఏ రోగం లేదు. దీన్ని వాళ్ళతోని కలవనియ్యకుండ్రి."

తార నవ్వింది. వానకాలం నుంచి ఆగిపోయిన నవ్వంతా ఒక్కసారే నవ్వింది. అది నవ్వుతుంటే చిన్ను నవ్వాడు, వాడి చెంపల మీది పసుపు పెచ్చులు పెచ్చులుగా రాలింది. నర్సమ్మ కొంచెం వేలితో తీసి వాసన చూసి, ఇది కూరలో వేసేది కదా అంది. నేను ఇంత వయస్సులో వరండాలో పడి దొర్లి నవ్వాను. బీడీలు చాటతో సహా బోర్లాపడ్డాయి. దానికి ఎవరి మీదా ఫిర్యాదు లేదు.

6. ఫిర్యాదు ఇక్కడ మొదలవుతుంది. నరహరి సారు చెడ్డవారు కాదు, హడలిపోయారు. వారి తెల్ల చొక్కా కూడా పాడైంది. ఈ పుస్తకం పిల్లలకు పనికిరాదని ఇనుప బీరువాలో వేసి తాళం పెట్టారు. మీదినుంచి హుకుం వస్తే తప్ప తీయనన్నారు. ఇక మిగిలిన ఆఖరి బొమ్మ ఒక్కటి ఇంకా ఎవరూ చూడలేదు. తాళం వేయబోతుండగా చివరికి ఏమైందని పిల్లలు ఏడిస్తే, సారు పుస్తకం వెనక అట్ట మీది అక్షరాలు చదివి, "పసుపు కాకి కాకుల్లో కలిసిపోయింది, సరేనా, పోండి" అన్నారు.

సరే కాదు అయ్యా. ఆ రాత్రి తార అన్నం ముందు కూర్చుని నన్ను అడిగింది: "అవ్వా, కలిసిపోయిందంటే పసుపుగుండే కలిసిందా, నల్లగయి కలిసిందా?"

దీనికి జవాబు టీచరమ్మ దగ్గర లేదు, ఆమె పుట తిప్పలేదు. సారు దగ్గర లేదు, వారు అక్షరాలే చూశారు. పసుపు నీళ్ళలో కలిసినా కలిసిందనే అంటాము, చుట్టాల్లో మనిషి కలిసినా కలిసిందనే అంటాము. అక్షరానికి రంగు లేదు. అది తీగ మీద కూర్చుందా, కూర్చుంటే కొసకా నడుమనా, ఏ రంగుతో కూర్చుంది అనేది బొమ్మ ఒక్కటే చెబుతుంది. అది నల్లగా అయిపోయి ఉంటే నేను బడికి పోను అని తార మళ్ళీ మంచం కోడు పట్టుకుంది. చిన్ను రోజూ పొద్దున మా గడప ముందు నిలబడి, "నడుమనే కూసుంటది, నేను జెప్తున్న గదా, రా తారా" అని పిలుస్తున్నాడు. సున్నం బుడ్డి అనడం మానేశాడు. కానీ వాడూ బొమ్మ చూడలేదు కదా, తార లేవడం లేదు.

కావున తమరు దయతో నరహరి సారుకు ఒక ముక్క రాసి తాళం తీయించవలెను. పుస్తకం రూత్ టీచరమ్మ చేతికే ఇప్పించవలెను, ముందు పుట తిప్పి చూడని మనిషి ఆమె. ఆఖరి బొమ్మ చూసే రోజు తమరు కూడా వచ్చి పిల్లల నడుమ కూర్చోవలెను. తెల్ల చొక్కా మాత్రం వేసుకుని రావద్దని మనవి.

ఇంతమాత్రం చిత్తగించి, ఆ తాళంచెవి సంగతి చూడవలెను.

తమ విధేయురాలు అని గంగాదాస్ రాశాడు, ఉండనిచ్చాను.

భీమవ్వ, ఎడమచేతి బొటనవేలి ముద్ర

సాక్షులు:
రూత్, విద్యా వాలంటీరు
భూమేష్, హమాలీ, పసుపు పోగొట్టుకున్నవాడు
చిన్ను, అతని కొడుకు, పసుపు పోగొట్టినవాడు

తా.క. గంగాదాస్ సిరా పెట్టె ఎండిపోయింది, అందువల్ల వేలిముద్ర పసుపుతో వేశాను. కామెర్లు కావు, నర్సమ్మను పంపవద్దు. ఇంకొక మాట, ఇది తమరికే. బీరువా తీయించిన రోజు ఆఖరి బొమ్మ ముందు తమరొక్కరే చూడండి. ఆ కాకి పసుపుగా ఉంటే అప్పుడే పిల్లలను పిలవండి. నల్లగా ఉంటే మాత్రం పుస్తకం మూసి నాకు కబురు పంపండి. చిటికెడు పసుపు నేను తెచ్చుకుంటాను.