బెల్లు కొట్టేదాకా చెప్పిన పాఠం

పటమట,
మంగళవారం

విశాలాక్షీ,

ఇక్కడ నేను కులాసాయే. యాభై ఏళ్లకు ఎం.ఏ. చరిత్ర ఎందుకని నవ్వావు కదా, ఎందుకో మొదటిరోజే తెలిసింది. వెనక బెంచీలో నా నెరిసిన గడ్డం చూసి, లెక్చరర్ గారు నేను తనిఖీకి వచ్చాననుకున్నారు. ప్రొజెక్టర్ తెర ఆపేసి, సుద్దముక్క పట్టుకుని, డెల్టా కాలవలు ఎవరు తవ్వారో, నీళ్లు ముందు ఎవరి పొలాలకు పారాయో బెల్లు కొట్టేదాకా చెప్పారు. క్లాసులో అరవై మందీ ఫోన్లు పక్కన పెట్టేశారు. మర్నాడు హాజరు పిలిచినప్పుడు నేను "ఎస్ సర్" అనేసరికి అధికారిని కానని తెలిసి ఆయన ముఖం తేటపడింది. ఇక రోజూ తెరమీది అక్షరాలు చదవడమే. ప్రశ్న అడిగితే "సిలబస్‌లో లేదండీ" అంటారు. చెప్పడం చేతకాక కాదే! అధికారికి ఒక పాఠం, పిల్లలకు ఒక పాఠమా? పక్కన కూర్చునే అపూర్వ అనే పిల్ల, "ఇంకో వారం హాజరు పలక్కుండా ఉండాల్సింది అంకుల్!" అని నన్నే తిట్టింది.

నా పాత కళ్లజోడు పంపు. మగ్గం గది కప్పు కారడం ఆగిందా? అమ్మ మాత్రలు వేసుకుంటోందా? ఇక్కడ నా మాట కాదనేవాళ్లే లేరు; నీతో వాదన లేక నోరు చప్పబడిపోయింది. మన పిల్లలకు నా దీవెనలు చెప్పు.

రేపు లెక్చరర్ గారి గదికి వెళ్లి, ఆ పాఠంలో మిగిలింది చెప్పమని అడుగుతాను. పోట్లాటకు కాదు, ఒట్టు. వినాలని ఉంది.

రామలింగం