మిస్ లొరేన్ పాటలో నా ఊఁ

మోరిస్‌విల్,
ఆదివారం మధ్యాహ్నం

అక్కకి,

సుధ నమస్కారాలు. నువ్వూ, బావగారూ, చిన్నీ కులాసాగా ఉన్నారనుకుంటాను. నేను బాగానే ఉన్నాను, వేళకి తింటున్నాను. అమ్మకి కూడా అదే చెప్పు. ఫోన్‌లో ఇంత చెప్పలేను, అందుకే రాస్తున్నాను.

ఇక్కడ వసంతం. పైన్ చెట్ల పుప్పొడి రాలి కార్లన్నీ పసుపు పూసుకున్నట్టున్నాయి. ఆఫీస్ నుంచి వచ్చి కిటికీ దగ్గర కూర్చుంటే పొద్దు ఎటు పోయిందో తెలీదు. మాట్లాడే మనుషులు తక్కువ. నాకదేం కొత్త కాదుగా.

నేను అద్దెకుంటున్న ఇంటి ఓనరు గురించి అడిగావు. పేరు లొరేన్. ఇక్కడివాళ్లలాగే మిస్ లొరేన్ అంటాను, మన 'గారు' లాగా. అరవై దాటాయి. సోల్ పాటలు పాడుతుంది. చర్చి పాటల్లోంచి పుట్టిన సంగీతం అది, గుండెలో ఉన్నది దాచుకోకుండా పాడతారు. తనే రాస్తుంది, తనే బాణీ కడుతుంది. గరాజ్‌లో స్టూడియో పెట్టుకుని ఇతరుల రికార్డులూ తయారుచేస్తుంది. తను పాడితే వెనక నుంచి చెల్లెలు జవాబుగా పాడేదట. ఆ చెల్లెలు పోయి రెండేళ్లు. అప్పట్నుంచీ ఒక్క పాటా చివరిదాకా పాడలేకపోయింది.

నిన్న కాదు, అంతకుముందు శనివారం నన్ను తోడు కూర్చోమంది. రికార్డింగ్ కదా, కుర్చీ కూడా కిర్రుమనకూడదని చెప్పింది. కళ్లు మూసుకుని పాడింది. ఎవరో చాలా దూరం నుంచి నాకొక్కదానికే కథ చెబుతున్నట్టుంది అక్కా. ఎక్కడున్నానో మరిచిపోయాను. పాట పూర్తయింది.

తర్వాత స్పీకర్‌లో వింటే, ప్రతి పాదం చివరా ఎవరో "ఊఁ" అంటున్నారు. నేనే. అమ్మమ్మ కథలకి కొట్టినట్టే ఊ కొట్టాను, నాకు తెలియకుండానే. కాన్వెంట్‌లో సిస్టర్ నన్ను పాడొద్దనీ, ఊరికే పెదవులు కదిపితే చాలనీ అన్నారు, గుర్తుందా? రెండేళ్లకి పూర్తయిన పాటని పాడుచేశానని సారీ చెప్పి లేచాను.

"కూర్చో" అని మూడో చరణం మళ్లీ వేసింది. పాడుతున్నప్పుడు అక్కడ ఒకచోట నాకు ఏడుపొచ్చి ఊ కొట్టలేదు. రికార్డులో అక్కడ ఆవిడ గొంతూ ఆగింది. నా ఊఁ వినిపించాకే తర్వాతి మాట అందుకుంది.

"విన్నావా? నీకోసం ఆగాను."

ఊ కొట్టకపోతే మా అమ్మమ్మ కథ ఆపేస్తుందని, మా వైపు ఎవరైనా అంతేనని చెప్పాను. చాలాసేపు నవ్వింది. వాళ్ల చర్చిలోనూ అంతేనని అమ్మమ్మకి చెప్పమంది.

నా ఊఁలు తీసెయ్యలేదు. వచ్చే శనివారం ఒక చిన్న హాల్లో, చెల్లెలు పోయాక మొదటిసారి, జనం ముందు పాడుతోంది. వెనక రెండో మైక్ నాదట. వారమంతా తప్పించుకుని తిరిగాను. నిన్న మెట్ల దగ్గర పట్టుకుంది.

"రాకపోతే చెప్పు. నేనూ వెళ్లను."

బతిమాలినట్టు లేదు, ఉన్నమాట చెప్పినట్టుంది. వస్తానన్నాను.

ఆవిడకి మన గోంగూర పప్పు నచ్చింది. నాకు పులుపు కుదరట్లేదు, కొలతలు పంపు. అమ్మమ్మకీ, బావగారికీ నా నమస్కారాలు, చిన్నికి ముద్దులు. ఇక్కడ శనివారం సాయంత్రమంటే నీకు ఆదివారం తెల్లవారుజాము. లేవగానే ఒకసారి నన్ను తలుచుకుని దీవించు. నేను ఒక్క మాట కూడా పాడక్కర్లేదు అక్కా. జనం ఉన్నారని మరిచిపోయి, వింటే చాలు.

నీ చెల్లెలు,
సుధ