మంచులో వెనక నడిచే ఊపిరి

బోగోలు దగ్గర పాలెం,
20-1-1963.

గౌరవనీయులైన నర్సు రెబెక్కమ్మగారికి,

గంగాధరం భార్య చెంచులక్ష్మి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మా రోజులు గడుస్తున్నాయి. మీరూ, మీ వార్డులోనివాళ్లూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఆయన సంగతి రాయమన్నారు కదా. నాలుగు నెలలు మీ దగ్గరుండి, మళ్లీ పడవెక్కగలిగేంత బాగై వచ్చారు. పంపేటప్పుడు మీరు గట్టిగా చెప్పారు, రొమ్ములో రోగం పూర్తిగా పోదు, నడక మానితే ఊపిరి మళ్లీ బిగుస్తుందని. రోజూ తెల్లవారాక సరుగుడు తోపుదాకా నడవాలి. ముక్కుతో పీల్చి, పెదవులు సున్నాలా చుట్టి మెల్లగా ఊదాలి. ఒక నెల చేశారు. వానలు పట్టగానే, బాగైనవాడికి ఇదంతా ఎందుకని నవ్వి మానేశారు. కార్తీకం ముగిసేసరికి వల ఎత్తలేక నులకమంచం మీద కూర్చొని రొప్పుతున్నారు.

నేను ఏడ్చి పోట్లాడితే మార్గశిరంలో మళ్లీ బయలుదేరారు. మొదటిరోజే మొహం పాలిపోయి వచ్చారు. మంచులో తన వెనక ఎవరో ఊపిరి తీస్తున్నారట. తాను ఆగితే అదీ ఆగుతుందట. తిరిగి చూస్తే ఎవరూ లేరట.

"సమాధానం అన్నే. ఆ పిల్లికూత నాకు తెలీదా?" అన్నారు.

సమాధానం అంటే మీ వార్డులో పక్కమంచం మనిషి. ఇద్దరూ వరండాలో కలిసి నడిచేవారట. వేసవిలో మీ కళ్లముందే పోయాడు కదా.

ఆ తర్వాత ఆయన ఒక్కరోజూ మానలేదు. "నేను పోకుంటే అన్న ఒక్కడే నిలబడిపోతాడే" అంటారు. వెనకవాడి కోసం ఊదుడు లెక్క పైకి చెబుతారు. ఇప్పుడు తోపు దాటి పోతున్నారు. మొన్న వేటకూ వెళ్లి వచ్చారు. మా అత్త అంకాలమ్మ కూడా ఒకనాడు ఆ ఊపిరి విన్నది. అప్పటినుంచి పాలెంలోవాళ్లు పొద్దున ఆ దారిన నడవడం లేదు.

ఇట్లు,
మీ మేలు మరువని
చెంచులక్ష్మి

తా.క. ఆయన ఆసుపత్రికి వచ్చినప్పుడు ఇది చెప్పకండి. వెనక నడిచింది నేనే. దారిలో పడిపోతారేమోనని రోజూ చెట్ల చాటున వెళ్లాను. ఏళ్ల తరబడి పొయ్యి పొగ మింగిన రొమ్ము నాది, నాకూ ఆ కూతే వస్తుంది. సమాధానం ఉన్నాడనుకొని నడుస్తుంటే నిజం చెప్పడానికి నోరు రాలేదు. ఆడవాళ్ల వార్డులో మంచం ఖాళీ ఉంటే జాబు రాయండి. నాలుగు రోజులుగా నేను గుమ్మం దాటలేకున్నాను.

ఈ నాలుగు రోజులూ ఆయన వచ్చి ఒకటే మాట చెబుతున్నారు. అన్నకు కూత తగ్గిందట. ఇప్పుడు తనకంటే ముందు నడుస్తున్నాడట.