జానపదం కాదు, నీ పాట

లలితక్కా,

వెల్డింగ్ షాపులో ఉండగా పక్క హోటల్ నుంచి నీ బతుకమ్మ పాట వినిపించింది. వెళ్లి చూస్తే, ఎవడో పాడి యూట్యూబ్‌లో పెట్టాడు. కింద ‘జానపదం’ అని రాశాడు. ఒళ్లు మండిపోయింది. అక్కడున్న నంబరుకు ఫోన్ చేశాను.

“జానపదం అందరిది తమ్మీ. గరమెందుకైతవ్?” అన్నాడు.

“ఎవ్వలు కట్టకుంటే, ‘కౌడిపల్లి బస్సు దిగి మా చందుగాడు రాడాయె’ అని పాటల నా పేరెట్లొచ్చిందే?”



కాపీరైట్ గురించి నేనే చదువుకున్నానక్కా. రిజిస్టర్ చేయకపోయినా, పాట రాసి పెట్టిన రోజే హక్కు పుడుతుందట. మనిషి పోయాక కూడా అరవై ఏళ్లు ఉంటుందట. నువ్వు పోయి ఇంకా ఏడాదన్నా కాలేదు. అదంతా వాడికి గట్టిగా చెప్పాను.

సాయంత్రానికి ‘రచన: లలిత’ అని మార్చి, వాడే ఫోన్ చేశాడు.

“తప్పైంది తమ్మీ. మీ అక్క మస్తు కట్టింది. ఇంకేమన్న పాటలున్నయా? పేరు పెట్టే పాడ్త.”

నువ్వు కట్టింది ఆ ఒక్క పాటే. ఆ మాటే చెప్పాలి. కానీ నా నోటి వెంట వేరే మాట వచ్చింది.

“జరాగు అన్నా, అక్కనడిగి చెప్త.”

చందు