ఫ్యాన్ మీద గూడు

మార్చి 9, 1966. బోధన్. ఉదయం 6.00

శుభారంభం! ఈ రోజు నుంచి నేను ప్రకృతి పరిశీలకుణ్ణి. పదేళ్లుగా బడిలో సైన్సు చెబుతున్నాను, ఒక్క పక్షిని కుదురుగా చూసిన పాపాన పోలేదు. బడి నుంచి థర్మామీటరు తెచ్చాను. కొత్త నోటుబుక్కులో గళ్లు గీశాను.

వేడి: 23. గాలి: చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి, మడ్డి వాసనతో. చెట్లు: వేప చిగురు. పక్షులు: పిచ్చుకల జంట. ఎక్కడ? మా ముందరి గదిలో, సీలింగ్ ఫ్యాన్ పైనున్న గిన్నెలో! గడ్డిపోచలు మోస్తున్నాయి.

మా వీధికే మొదటి ఫ్యాన్ అది. నెల కిందట బిగించారు. ఎండాకాలం కోసం దాచుకున్నాం, ఇంకా వేయలేదు.

అదే రోజు, సాయంత్రం

మా అవ్వ (అమ్మను అలాగే పిలుస్తాను) అంజవ్వ, నా భార్య రేణుక, ఫ్యాన్ బిగించిన సిరాజ్. ముగ్గురి ఎదుటా ఒట్టు పెట్టుకున్నాను: పిచ్చుక పిల్లలు ఎగిరిపోయేదాకా ఫ్యాన్ వేయను. రోజూ ఆరింటికి గూడు చూసి రాస్తాను.

"జర సోంచాయించుండ్రి సార్, తొందరవడకుండ్రి," అన్నాడు సిరాజ్. "ఏప్రిల్ల గీ గది తందూర్ లెక్క అయితది. గూడు గిప్పుడే తీసేస్తే ఏం కాదు, ఇంక గుడ్లు పెట్టలే."

మనిషికి చెమట కొత్తా? ఒప్పుకోలేదు.

సిరాజ్ వెళ్లేటప్పుడు అవ్వ అతణ్ణి స్విచ్చుల దగ్గర ఆపి చాలాసేపు ఏదో అడిగింది. ఈ వయసులో కరెంటు గురించి తెలుసుకోవాలని! ఎంత విజ్ఞాన తృష్ణ!

మార్చి 11. 6.00

వేడి 24. మగదానికి మెడ కింద నల్ల మచ్చ. ఆడదానికి లేదు. ఆహా! గూటి సామగ్రి: గడ్డి, కొబ్బరి పీచు, రేణుక జాకెట్టు దారం. కోకిల మూడుసార్లు కూసింది.

మార్చి 19. 6.40

స్టూలెక్కి చూశాను. నాలుగు గుడ్లు! మా పెద్దవాడు పుట్టినప్పుడు కూడా ఇంత సంతోషించలేదు. (ఈ పేజీ రేణుక చూడకూడదు.)

మార్చి 24. 8.15

కాస్త ఆలస్యం. కోకిల: కూసే ఉంటుంది.

మార్చి 29

మూడు రోజుల వేడి: 26, 26, 26. అంచనా. పరిశీలకుడికీ నిద్ర కావాలి. గుడ్లు ఎక్కడికి పోతాయి?

ఏప్రిల్ 2

'ఉదయం 6.00. గుడ్లు పగిలి పిల్లలు బయటికి వచ్చాయి. స్వయంగా చూశాను.' అని రాశాను.

వెనక నుంచి రేణుక చదివింది. "చూసింది నేను. మీరు గుర్రు పెడుతుండిరి."

కొట్టేశాను.

ఏప్రిల్ 9. మధ్యాహ్నం 2.00

వేడి: 41. గాలి: లేదు. చెట్లు: తెలియదు. పక్షులు: నోరు మూయవు. నెత్తిన తడి తువ్వాలు, దాని మీద రెట్ట. తిరగని ఫ్యాన్ కింద పడుకోవడం కంటే అసలు ఫ్యాన్ లేకపోవడమే నయం.

ఏప్రిల్ 12. మధ్యాహ్నం 1.30

43. ఒక ఆలోచన. తిరిగేది రెక్కలే, గిన్నె కాదు. ఒకటో నంబరు మీద మెల్లగా వేస్తే గూటికి ప్రమాదమేమీ లేదు. శాస్త్రీయం.

తల్లి పిచ్చుక గూటికి వచ్చే దారి ఆ రెక్కల మధ్య నుంచే. ఈ వాక్యం రాయకుండా ఉండాల్సింది.

ఏప్రిల్ 14. మధ్యాహ్నం 2.30

44. రాయడానికి సిగ్గుగా ఉంది.

అవ్వ, రేణుక నిద్రపోతున్నారు. తల్లి పిచ్చుక ముక్కున పురుగుతో కిటికీ మీద ఉంది. చూశాను. చూసి కూడా మీట నొక్కాను.

ఫ్యాన్ తిరగలేదు.

మళ్లీ నొక్కాను. నాలుగుసార్లు! బల్బు వేసి చూస్తే వెలిగింది. అంటే కరెంటు ఉంది. "సిరాజ్ ఎట్ల బిగించి సచ్చిండో!" అని పైకే అన్నాను.

మంచం మీద నుంచి అవ్వ, కళ్లు తెరవకుండానే: "ఆయన్నేమనకు. ఫ్యాన్ ఫ్యూజు నా పసుపు డబ్బల ఉన్నది."

"ఎప్పుడు తీయించినవే?"

"నువ్వు ఒట్టు వెట్టుకున్న నాడే. నిన్ను కన్నదాన్ని, నీ సంగతి నాకెర్క లేదా?"

అంతలో తల్లి పిచ్చుక నా తల మీదుగా ఎగిరి, రెక్కల మధ్య దూరి, గూట్లోకి పోయింది. నాలుగు నోళ్లూ ఒక్కసారి అరిచాయి. ఫ్యాన్ తిరిగి ఉంటే! అక్కడే స్టూలు మీద కూర్చుని ఏడ్చాను. రేణుక లేచి అడిగితే చెమట అని చెప్పాను.

ఏప్రిల్ 17. ఉదయం 6.05

నాలుగూ ఎగిరాయి! స్వయంగా చూశాను. (ఇది నిజం. రేణుక సాక్షి.) ఆఖరుది దండెం మీద నా ధోవతి పట్టుకుని చాలాసేపు ఊగింది.

అవ్వ ఫ్యూజు ఇచ్చింది, నిండా పసుపుతో. సిరాజ్ వచ్చి తుడిచి పెట్టాడు. ఫ్యాన్! అమ్మయ్య! తిని నాలుగు గంటలు పడుకున్నాను. వేడి ఎంతో ఎవడికి కావాలి?

ఏప్రిల్ 23. ఉదయం 6.00

పొద్దున్నే ఫ్యాన్ ఆపాను. రెక్కలు ఆగగానే, ఫ్యాన్ గిన్నె మీద మెడ కింద నల్ల మచ్చవాడు. నోట్లో గడ్డిపోచ! వెనకే ఆవిడ!

"గూడు గిప్పుడే తీసేస్తే ఏం కాదు, ఇంక గుడ్లు పెట్టలే," అన్నాను.

రేణుక నా వైపు చూసింది. అవ్వ పైకి, పిచ్చుకల వైపు చూసింది.

కొత్త పేజీ. గళ్లు గీశాను. శుభారంభం! వేడి: 30. పక్షులు: పిచ్చుకల జంట, రెండో కాన్పు. ఈ రోజు నుంచి ఆరింటికి, తప్పకుండా.

ఒట్టు పెట్టుకునే ముందు సిరాజ్‌ను పిలిపించి ఫ్యూజు తీయించాను. నేనే తీసుకెళ్లి అవ్వ చేతిలో పెట్టాను.