ఉప్పు చల్లించుకున్న బోణీ బేరం

ఆందోంగ్,
నవంబరు 8, 1994.

పుసాన్, జగల్చీ చేపల బజారులో కీజాంగ్ కొట్టు నడిపే శ్రీమతి కూ పిల్‌నామ్ గారికి,

నమస్కారాలు. మీరూ, మీ తొట్లలో చేపలూ ఈ చలికి చలాకీగానే ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేం కులాసా. పెరట్లో క్యాబేజీలు కోసి చలికాలానికి కిమ్చీ పచ్చడి పెట్టే పనిలో ఉన్నాం. నా నడుం మాత్రం ఇంకా పట్టేసే ఉంది. ఎందుకు పట్టేసిందో మీకు తెలియనిది కాదు.

గుర్తుపట్టారా? పోయిన శనివారం పొద్దున్నే, మీరింకా గొడుగు విప్పి తొట్లు సర్దుకుంటుండగానే వచ్చి, కానాగంత చేపల మొప్పలన్నీ ఎత్తి చూసి, చెప్పిన ధరకి సగం అడిగి, కొనకుండా వెళ్ళబోయిన మనిషిని నేనే. బోణీ వేళ అలా చెయ్యకూడదని నాకూ తెలుసు. అయినా చేశాను. ఎందుకో చివర్న చెబుతాను.

మీరు ఊరుకునే రకం కాదు. పొద్దున్నే నా పొట్ట కొట్టడానికే ముస్తాబై వచ్చావా తల్లీ, చేపకి పెళ్ళిచూపులు చూసి పోతావేం అంటూ, నా దరిద్రం మీ కొట్టుకి అంటకుండా గుప్పెడు కల్లుప్పు తీసి నా వీపు మీద చల్లారు. చుట్టుపక్కల కొట్లవాళ్ళంతా ఒకటే నవ్వు. నేనూ తక్కువ తినలేదు. మా ఆందోంగ్‌లో ఉప్పు చేపకి పట్టిస్తారు గాని మనిషికి కాదు అన్నాను. అయితే నువ్వూ నాలుగు రోజులు పాడవకుండా ఉంటావులే, పో అన్నారు మీరు. ఆ విసురుకి గిర్రున తిరగబోయి, తడి నేల మీద కాలు జారి పడ్డాను.

అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చింది మీరే. అయ్యో అక్కా, నా నోరు పడిపోనూ అంటూ లేవదీశారు. నా తడి మేజోళ్ళు విప్పించి, మీ కాళ్ళకున్న ఉన్నివి తీసి తొడిగారు. బోర్లించిన పెట్టె మీద కూర్చోబెట్టి, మీరు తెచ్చుకున్న అన్నంలో సగం నాకు పెట్టి, వేడివేడి చేపల పులుసు పోశారు. ముందు మీ కొట్టు చూసుకోండి అంటే, నా బోణీ ఎలాగూ నేలపాలైంది, నువ్వు తిను అన్నారు. నవ్వొచ్చి నాకు పొలమారింది.

మాది ఆందోంగ్ అని వినగానే మీ మొహం కాస్త మారింది. మా అమ్మాయి హేరిన్‌కి మీ ఊరి సంబంధమే అక్కా అన్నారు. పాత వంశం, తరతరాలుగా చదువుకున్న ఇల్లు. ఇరవయ్యో తేదీ ఆదివారం రెండు కుటుంబాలూ కలిసి భోంచేసి మాట ఖాయం చేసుకోవాలి. కానీ మీరు వెళ్ళరట. ఎంత తోమినా చేతుల వాసన పోదనీ, నాలుగు మాటలాడితే రెండు తిట్లే వస్తాయనీ, ఒంట్లో బాగాలేదని చెప్పించి, మందుల కొట్టు నడిపే మీ చెల్లెల్ని మీ చోట కూర్చోబెడతారట. అమ్మాయేమంటోందని అడిగితే, ఏడుస్తోంది అక్కా, దానికేం తెలుసు లోకం అన్నారు. ఆ మాటంటూ చేతులు ఏప్రన్ కింద దాచుకున్నారు. చూసి నాకు చాలా కష్టమనిపించింది.

ఆ రోజు చెప్పాల్సిన మాట ఇప్పుడు చెబుతున్నాను. వెళ్ళండి. తండ్రి లేని పిల్లను ఆ చేతులతోనే పెంచి టీచరును చేశారు. వాసనకి మొహం తిప్పుకునే ఇల్లయితే, పిల్లనిచ్చాక తెలియడం కంటే ఆ రోజే తెలిసిపోవడం మేలు కదా. ఒక్కగానొక్క కూతురి పెళ్ళి మాటల్లో తల్లి లేకపోతే, ఆ పిల్ల ఆ ఇంట్లో జీవితాంతం తలొంచుకునే ఉండాలి. అది మీకిష్టమా?

మీరు బలవంతాన కట్టిచ్చిన కానాగంతలు ఉప్పు పట్టించి కాల్చాను. మామూలుగా ఏం వడ్డించినా మాట్లాడని మా ఆయన, ఇవెక్కడివని అడిగి మరీ తిన్నారు. మీ మేజోళ్ళు ఉతికి ఆరేశాను, నా చేత్తోనే తెచ్చిస్తాను.

ఉంటాను,
మీ బోణీ పాడుచేసిన ఆందోంగ్ అక్క

తా.క.: ఇంత రాసీ పేరు రాయలేదు. నా పేరు వొన్ కుమ్‌రే. మీ హేరిన్‌ను చేసుకుంటానంటున్న సోక్‌జూన్ తల్లిని. ఈ సంబంధం వద్దని వాడికి చెప్పడానికి ఏదో ఒక వంక కావాలని వచ్చాను. మీరు గయ్యాళి అని తేలితే చాలనుకుని, కావాలనే బోణీ చెడగొట్టాను. కోరుకున్న వంక దొరికింది కూడా. కానీ నేను లేచి వచ్చేసే ముందు మీరో మాటన్నారు. ఆ అబ్బాయి మా దగ్గర తిన్నప్పుడల్లా ముందు మా పిల్లకి ముళ్ళు తీసి పెట్టి ఆ తర్వాతే తను తింటాడు, వాళ్ళమ్మ ఎవరో గాని చక్కగా పెంచింది అన్నారు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటినుంచీ నా గురించి అలాంటి మాట ఎవరి నోటా వినలేదు. రైల్లో ఊరు చేరేదాకా ఏడుస్తూనే ఉన్నాను. ఆదివారం మీ చెల్లెలినీ తీసుకురండి, సంతోషం. నా ఎదురుగా కూర్చోవలసింది మాత్రం మీరే. మీరు వచ్చి కూర్చునేదాకా నేను చెంచా ముట్టను, వదినగారూ.